కడిగే ఫిలిం కోసం పాలమూరు దాకా

మా మర్రిగూడ నుంచి పాలమూరు పోయేవాళ్లు పెళ్లికో, చావుకో, కోర్టు వాయిదాకో పోతారు. నేను ఫిలిం కోసం పోయాను. సినిమా ఫిలిం కాదు, ఎక్స్‌రే ఫిలిం. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా చర్చి పాస్టరమ్మ రాస్తోంది. మధ్యమధ్య ఆమె "ఇది వద్దులే కరుణమ్మా" అంటోంది. నేను రాయమనే అంటున్నాను.

చీకటి గది

మా ఊరి బస్టాండు పక్కన యాదగిరి సార్‌ది చిన్న ఎక్స్‌రే గది. మిషను సార్ నొక్కుతాడు. పక్కనున్న చీకటి గది నాది. మొదట మా ఆయన దానియేలుది. ఆయన పోయాక సార్ మా ఇంటికి వచ్చి, "కరుణమ్మా, చీకట్ల సదువుతోని పనేం ఉండది. వచ్చి నేర్చుకో" అన్నాడు. నేర్చుకున్నాను. ఎర్ర బుగ్గ వెలుతురులో ఫిలింను మొదటి మందులో ముంచితే ఎముక మెల్లగా పైకి తేలుతుంది. తర్వాత రెండో మందు, ఆ తర్వాత నీళ్లు. కడిగి, తీగకు క్లిప్పులు పెట్టి, చీరలు ఆరేసినట్టు ఆరేస్తాను. దీన్ని కడిగే ఫిలిం అంటారు.

మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్లు లేరు. అవి తాగి మా ముందు తరం నడుములు వంగాయి, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. కానీ వంగిన నడుము నల్లా తిప్పితే లేవదు కదా. వాళ్లంతా మా గదికే వస్తారు. తడి ఆరకముందే ఫిలింను ఎండకు పట్టి, "గిదేనా నా బొక్క?" అని ఎముకను చూపించి అడిగి, ఇంటికి తీసుకుపోయి పరుపు కింద పెట్టుకుంటారు.

ఇప్పుడు ఆ ఫిలిం దొరకడం లేదు. పట్నం నుంచి తెచ్చి ఇచ్చే ఏజెంటు రావడం మానేశాడు. కంప్యూటర్ మిషను కొనాలంటే సార్ తన పొలం అమ్ముకోవాలి. చివరి పెట్టె తెరిచిన రోజు సార్ గడప మీద కూర్చుండిపోయాడు.

"గీ పెట్టె ఒడిస్తే తాళమే, కరుణమ్మా."

"మరి ఈళ్లంత?"

"నల్లగొండకు పోతరు."

"మోకాళ్లు రానోళ్లు నల్లగొండకు ఎట్ల పోతరు సారూ?"

సార్ గడప మీది నుంచి లేచి పెట్టె మూత మూశాడు. "ఫోన్ల అడిగితే అందరు లేదనే అంటరు. మనిషి పోయి ముందట నిలవడితే జర అర్రలకు పోయి చూస్తరు. నేను మిషను ఇడిసి కదల్లేను. నువ్వు పోయొస్తవా? నీకు బస్సు ఫిరీయే గద" అన్నాడు.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అన్న మాటకు నాకూ ధైర్యం వచ్చింది. ఆధార్ కార్డు కొంగున కట్టుకుని, రెండు చీరలు సంచిలో వేసుకుని బయలుదేరాను.

చిట్యాల

చిట్యాల పెద్ద రోడ్డు మీది ఊరు. ఆ రోడ్డు దాటడమే ఒక ప్రయాణం. విజయవాడ పోయే కార్లు మనిషిని చూసి ఆగవు, ఇంకా ఉరుకుతాయి. చాయ్ మా ఊళ్లో పది రూపాయలు, ఇక్కడ పదిహేను. గ్లాసు మాత్రం మా దానికంటే చిన్నది. ఇదేమని అడిగితే హోటలాయన, "చాయ్‌కి కాదు పెద్దమ్మా, రోడ్డుకు పైసలు" అన్నాడు.

సార్ చెప్పిన స్కానింగ్ సెంటర్ అద్దాల తలుపుతో, లోపల చలిగా, దవాఖానలాగా కాక బ్యాంకులాగా ఉంది. అక్కడ పనిచేసే శ్రీనివాస్ ఒకప్పుడు మా సార్ దగ్గరే పని నేర్చుకున్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు.

"అక్కా, గింత దూరం కడిగే ఫిలిం కోసం వచ్చినవా? మేము వొదిలి చానా రోజులాయె."

వాళ్ల చీకటి గది చూపించాడు. ఎర్ర బుగ్గ అలాగే ఉంది. దాని కింద నీళ్ల డబ్బాలు, విరిగిన కుర్చీలు, ఎవరిదో హెల్మెట్. మందు తొట్టిలో చీపుర్లు పెట్టారు. నాకు అది చూసి చనిపోయినవాళ్ల ఇంట్లో గిన్నెలు చూసినట్టు అనిపించింది. ఒక అట్టపెట్టె తీసి చూపించి, తనే చెప్పాడు: "గిది గుడ ఫిలిమే, గని నీకు పనికిరాదు. ప్రింటర్ల పెట్టేది. మందుల ముంచితే ఏం తేలది."

"మరి మాది చేసుడే ఆపిన్రా?"

"మొత్తం ఆపలే అక్కా. చేసేటోళ్లు తక్కువైన్రు. పెద్ద ఆర్డరు ఉంటెనే పంపుతరు. మనసొంటి చిన్న గదులకు ఒక్క పెట్టె, రెండు పెట్టెలు ఎవరు పంపుతరు? మేము వాళ్లను ఇడిసిపెట్టినం, వాళ్లు మిమ్మల్ని ఇడిసిపెట్టిన్రు."

మనిషి మంచివాడు. క్యాంటీన్‌లో వడ తినిపించాడు. పోయేటప్పుడు ఒక దారి కూడా చెప్పాడు. "మోత్కూర్ల ఖాసిం భాయ్ అని పాత ఫిలింలు కొంటడు. ఏ దవాఖాన మూతవడ్డా అందరికంటె ముందు ఆయనకే ఎరుక. జర అడుగు."

మోత్కూర్

నేను దిగేసరికి మోత్కూర్‌లో అంగడి. మేకలు, ఎండుమిర్చి, ప్లాస్టిక్ బిందెలు, అన్నీ ఒకే రోడ్డు మీద. మా చండూరు వైపు అంగడిలో బేరం కొట్లాటలా ఉంటుంది. ఇక్కడ నవ్వుకుంటూ కొట్లాడుతున్నారు. ఖాసిం భాయ్ షెడ్డు ఎక్కడని అడిగితే, "వాసన పట్టుకొని పో" అన్నారు. నిజమే. మా చీకటి గది వాసనకు అన్నలాంటి వాసన.

ఖాసిం భాయ్ నా ఈడువాడే. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని సిమెంటు తొట్టి ముందు నిలబడ్డాడు. పాత ఎక్స్‌రేలను ఆ తొట్టిలో నానబెడితే నల్లదనమంతా ఊడి, అడుగున బురదలా పేరుకుంటుంది. అందులోంచి వెండి తీస్తారట. మిగిలిన తెల్ల ప్లాస్టిక్‌తో పెళ్లి దండల డబ్బాలు చేస్తారట. అంటే ఒకరి విరిగిన తుంటి ఇంకొకరి పెళ్లికి పోతుందన్నమాట.

షెడ్డు మూలన ఫిలింల కుప్ప. రెండు జిల్లాల ఎముకలు అక్కడే ఉన్నాయి. ఊరికే ఉండలేక ఒకటొకటి వెలుతురుకు పట్టి చూశాను. ఒక మోకాలి ఫిలిం మీద తెల్ల మచ్చలున్నాయి. నల్లా నీళ్లు రాకముందు నేను బోరు నీళ్లతో కడిగిన ఫిలింలన్నిటికీ ఇవే మచ్చలు పడేవి.

"ఏమక్కా, ఎరుకున్నోళ్లదా?" అని ఖాసిం భాయ్ అడిగాడు.

"కడిగిన చెయ్యి నాది. మోకాలు ఎవరిదో ఎరుక లేదు."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, నా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. అంతా విని తల ఆడించాడు.

"ఒక్క జాగల ఉన్నయి. పాలమూర్ల ఒక డాక్టర్ సాబ్ ఉంటుండె. మంచి మనిషి, పోయిండు. ఆయన దవాఖాన బంద్ పెట్టినంక ఫిలిం పెట్టెలు ఇంటికి తెచ్చుకున్నరు. ఒక్కటి గుడ వాడనివి. నేను రెండుసార్లు పోయిన. ఆయన ఇంటామె ఇయ్యది. దేవుని అర్రల పెట్టి పూజ చేస్తది. రెండోసారి పోతే కుక్కను ఇడిసింది."

"కరిసిందా?"

"కరవలే. గని నా పైజామా గుర్తుకు ఉంచుకుంది."

నవ్వాను. నవ్వాక అనుమానం వచ్చి అడిగాను. "మరి నాకెందుకు చెప్తున్నవు భాయ్? మల్లొకసారి పోతే నీకే దొరుకుతయేమో?"

"అక్కా, కొత్త ఫిలిం కడిగెటోళ్లు ఉంటెనే గద నాకు పాత ఫిలిం వస్తది. మీ గదులు మూతవడితే రేపు నా తొట్టి గుడ ఎండుతది. పో, నీకిస్తదేమో. ఆడోళ్లు ఆడోళ్లు మాట్లాడుకుంటరు."

పాలు ఎక్కువైన చాయ్ తాగించి, ఇంటి గుర్తులు చెప్పి పంపాడు. ఆ పూట నల్లగొండలో మా చెల్లె బిడ్డ ఇంట్లో ఉండి, పొద్దున పాలమూరు దారి పట్టాను.

దేవరకొండ దాటిన బస్సు

బస్సులో మగవాళ్లంతా నిలబడ్డారు, ఆడవాళ్లమంతా కూర్చున్నాం. ఒక తెల్లచొక్కా ఆయన, "పైసలు కట్టినోడు నిలవడాలె, జీరో టికెట్లు సీట్ల మీద" అని సణిగాడు. నా పక్కనున్న లంబాడీ ఆమె తల తిప్పకుండానే, "నువ్వు గుడ చీర కట్టుకొని రారాదు అన్నా, నీకు గుడ జీరో కొడ్తరు" అంది. బస్సు మొత్తం నవ్వింది. చివరికి తెల్లచొక్కా ఆయన కూడా నవ్వాడు.

ఆమె మూట విప్పి నాకు జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. మా ఇంట్లో రొట్టె జ్వరం వచ్చినప్పుడు చేసుకుంటాం. వాళ్లకు అదే రోజూ తిండి. అందుకే కాబోలు ఆ రొట్టె బట్టలాగా మెత్తగా మడత పడింది. నేను ఎందుకు పోతున్నానో చెబితే తన భుజం చూపించింది.

"నాకు గుడ తీసిన్రు. కాయితం ఇయ్యలే, మా పిల్లగాని ఫోన్లకు పంపిన్రు. ఫోను బాయిల పడ్డది. ఫోను పాయె, నా బొక్క గుడ పాయె."

జడ్చర్లలో బస్సులో సగం మంది దిగారు. అదే పాలమూరు అనుకుని నేనూ దిగాను. బోర్డు చదవరాని మనిషికి జనం ఎటు పోతే అదే బోర్డు. బస్సు పోయాక అడిగితే, "పాలమూరు ఇంకా ముందట ఉంది అవ్వా" అన్నారు. రొట్టె పెట్టిన ఆమె అప్పటికే బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపి పోయింది, పాపం, నేను దిగాల్సింది ఇక్కడేననుకుంది.

పాలమూరు

పాలమూరులో ఎండ మా ఎండే, కానీ రాళ్లు ఎక్కువ, అందుకని రెండుసార్లు కాలుతుంది. డాక్టరు గారి ఇల్లు పెద్దది. గేటు దగ్గర ఖాసిం భాయ్ చెప్పిన కుక్క పడుకుని ఉంది. ముసలిదైపోయింది. నన్ను చూసి తోక ఒకసారి నేలకు కొట్టి మళ్లీ కళ్లు మూసుకుంది.

డాక్టరు గారి భార్య, అందరూ డాక్టరమ్మ అంటారు, బయటికి వచ్చింది. పేరు సుశీలమ్మ. తెల్లజుట్టు, తెల్లచీర, గట్టి గొంతు. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"బొట్టు లేదు. మొగడు పోయిండా, కిరస్తానపోళ్లా?"

"రెండూ అమ్మా."

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. ఒక్క నిమిషం ఆగాను. మా అమ్మ కాలంలో ఇలాంటి ఇంటికి పోతే వాకిట్లోనే మాటలు అయిపోయేవి. ఆమె మళ్లీ, "కూసో, నిలవడితే నాకు మెడ నొస్తది" అంది. కూర్చున్నాను. పచ్చిపులుసు, పప్పు, అన్నం స్టీలు పళ్లెంలో పెట్టింది. ఇద్దరం మొగుళ్ల చావుల గురించి చెప్పుకున్నాం. ఆయనకు గుండె, మా ఆయనకు కామెర్లు. చెప్పుకుంటుంటే అన్నం బాగానే దిగింది.

మా గది సంగతి చెప్పాను. వచ్చే ముసలివాళ్ల సంగతి, ఫిలిం దొరక్కపోతే నెలాఖరులోగా తాళం పడే సంగతి. ఆమె నా ఖాళీ పళ్లెం పక్కకు జరిపింది.

"తుక్కోనికైతే ఇయ్యకపోదును. ఆయన చేతుల మీదుగ కొన్నయి, కరిగించుకుంటనంటె నాకు మనసొప్పలే. నువ్వు ఫొటో తీస్తనంటున్నవు. తీసుకపో."

దేవుడి అర్రలోకి తీసుకుపోయింది. మా ఇళ్లలో దేవుడికి అర్ర ఉండదు, గోడకు వాక్యం రాసిన కాలెండరు ఉంటుంది. అక్కడ దేవుళ్ల పటాల కింద, అరుగు మీద, పసుపుపచ్చ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్ని పెట్టెలు ఒక్కచోట చూసి ఎన్నాళ్లయిందో. దగ్గరికి పోయాను. మూతలన్నీ తెరిచి ఉన్నాయి. లోపలి నల్ల కవరు కత్తెరతో శుభ్రంగా కోసి ఉంది. పై ఫిలిం మీద కుంకుమ బొట్టు.

"ఏటేటా దీపావళికి లక్ష్మీపూజల అన్నిటి మూతలు తెరిచి పెడ్త" అంది డాక్టరమ్మ. "బీరువా, సందుగ, గీ పెట్టెలు. మూసి పెడ్తె లక్ష్మి ఎట్ల లోపలికొస్తది?"

మేము ప్రార్థనకు కళ్లు మూస్తాం, వాళ్లు పూజకు మూతలు తెరుస్తారు. ఆమె భక్తిలో తప్పేముంది? అయినా నా కళ్లు ఆ కోసిన కవర్ల మీదే ఉన్నాయి. ఊరుకుని మూటకట్టుకుపోదామా అనుకున్నాను. కానీ ఆమె నా ముఖం చూస్తోంది.

"ఏమైంది? నచ్చలేదా?"

"అమ్మా, వీటికి వెలుగు తాకొద్దు. ఎండ కాదు, దీపం తాకినా ఖరాబైతయి. అందుకే నల్ల కవర్ల పెడ్తరు."

ఆమె గోడ పట్టుకుంది. "నేనే పాడు జేసిన్నా?"

నేను పై ఫిలిం మీద కవరు కప్పాను.

"ఆయన ఎన్నడు చెప్పలేదు" అంది. "దవాఖానల చీకటి గది తలుపు తెరవొద్దు అనెటోడు. ఎందుకు తెరవొద్దో చెప్పకపోవు. ముప్పయ్యేండ్లు ఆ తలుపు ముట్టలే నేను. తలుపు ముట్టొద్దంటె ముట్టలే, పెట్టెల సంగతి నాకేం ఎరుక?"

"అన్నీ అయితే పోయి ఉండవమ్మా" అన్నాను. "పైవి కిందివాటికి అడ్డం ఉంటయి. అడుగునున్నయి బతికినయేమో చూడాలె."

"ఎట్ల చూస్తవు?"

"మా చీకటి గదిలనే చూడాలె."

ఆమె లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో నల్ల గొంగడి, ఇంకో చేతిలో చేతిసంచి. మూతలు మూసి, పెట్టెలను గొంగడిలో చుట్టి కట్టాం. నేను మూట ఎత్తబోతే ఆమె ఒక పక్క పట్టుకుంది.

"ఒక్కదానివి ఎట్ల మోస్తవు? నేను గుడ వస్త. పాడు జేసిన్నో లేదో నా కండ్లతోని చూడాలె."

తిరుగు దారి

డాక్టరమ్మ బస్సెక్కి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. కిటికీ పక్కన కూర్చుని, జీరో టికెట్టును రెండు వైపులా తిప్పి చూసి, "నిజంగనే ఏం తీసుకోలే" అంది. మూట మా ఇద్దరి కాళ్ల మధ్య ఉంది. కల్వకుర్తి దాటాక కండక్టరు వచ్చి దాన్ని చెప్పుతో తట్టాడు.

"ఏముందమ్మా గిండ్ల? లగేజీ కొట్టాలె."

"బొక్కలు పడే కాయితం" అన్నాను.

"ఏం బొక్కలు? జర విప్పు, చూడాలె."

వంగి ముడి మీద చెయ్యి వేశాడు. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ లేచి నిలబడి, "తెరవకు!" అని అరిచింది. డ్రైవరు బ్రేకు వేశాడు. "వెలుగు తాకితే ఖరాబైతయి! లగేజీ ఎంతనో తీసుకో, ముడి మాత్రం ముట్టకు!" కండక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని టికెట్టు చింపి ఇచ్చాడు. మా సీటు వైపు మళ్లీ రాలేదు.

మళ్లీ మర్రిగూడ

ఆమె ఎవరో చెప్పగానే మా సార్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. "డాక్టరమ్మా! మా గదిలకా?" ఆమె మర్యాదలు వద్దంది. "ముందు తలుపెయ్యి" అంది.

ఇద్దరం చీకటి గదిలోకి పోయాం. ఎర్ర బుగ్గ వేశాను. కాసేపు ఆమెకు ఏమీ కనిపించలేదు, నా భుజం పట్టుకుంది. మొదట కుంకుమ బొట్టున్న ఫిలిం మందులో వేశాను. చూస్తుండగానే కాకిలా నల్లబడింది. రెండోదీ అంతే. నడిమిది తీసి వేశాను, అదీ నలుపే.

పెట్టె అడుగు నుంచి ఒకటి తీశాను. వెలుగు చొరని క్యాసెట్టు డబ్బాలో పెట్టి బయటికి అందిస్తే, సార్ "ఎవరిది తీద్దాం?" అన్నాడు. "నాది తియ్యి" అని డాక్టరమ్మ పోయి మిషను కింద చెయ్యి పరిచింది. క్యాసెట్టు మళ్లీ లోపలికి వచ్చింది. ఫిలిం మందులో ముంచి తొట్టిని మెల్లగా ఊపాను. అంచుల నుంచి నలుపు లోపలికి కమ్ముకొచ్చింది. ఇది కూడా పోయిందనుకున్నాను. కానీ నలుపు నాలుగు వైపులా నాలుగు వేళ్ల మందం వచ్చి ఆగింది. నడుమ, కొంచెం మసకగా, అయిదు వేళ్లు తేలాయి. అరిగిన కణుపులు, మణికట్టు, అన్నీ.

"గిదా" అంది డాక్టరమ్మ. "గిందుకా నన్ను రానియ్యంది."

"లోపట ఏముందనుకున్నరమ్మా?"

"ఆ వాసనకు, మూసిన తలుపుకు, సారా తాగుతుండనుకున్న. ముప్పయ్యేండ్లు అనుమానపడ్డ."

నవ్వు ఆగలేదు నాకు. ఆమెకూ ఆగలేదు. సార్ బయట నుంచి, "ఏమైంది? వచ్చిందా, రాలేదా?" అని తలుపు కొడుతున్నాడు. "తెరవకు!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

ఆమె ఆ ఫిలిం ఆరేదాకా ఉండి, దాన్ని పేపర్లో చుట్టుకుని, మరుసటి రోజు బస్సులో వెళ్లిపోయింది.

ప్రతి పెట్టెలోనూ అడుగునున్నవి అంతే. చుట్టూ నల్ల అంచు, నడుమ జాగా. సార్ దేవరకొండ, చండూరు వైపున్న చిన్న గదులవాళ్లకు ఫోన్లు చేస్తున్నాడు, అందరం కలిసి ఒక పెద్ద ఆర్డరు పెడదామని. కొందరు సరే అన్నారు. కొందరు ఎలాగూ వచ్చే ఏడాది కంప్యూటర్ తెస్తామన్నారు. ఇంకా ఏదీ తేలలేదు.

గదికి తాళం మాత్రం పడలేదు. నల్ల అంచుల నడుమ చెయ్యి పడుతుంది, మోకాలు పడుతుంది, ఛాతీ పట్టదు. అందుకని ఇప్పుడు మర్రిగూడలో ఛాతీలు నల్లగొండకు పోతున్నాయి, మోకాళ్లు మా దగ్గరికి వస్తున్నాయి. దగ్గుతూ అయినా మనిషి బస్సెక్కగలడు. ఈ పెట్టెలు అయిపోయేలోపు ఎక్కడి నుంచైనా ఫిలిం రావాలి. లేకపోతే ఆ మోకాళ్లు కూడా బస్సెక్కాలి, బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తుంటుందో వాళ్లనే అడగాలి.